వైన్ లేబుళ్ల రూపకల్పన

వైన్ లేబుల్ అనగా వైన్ సీసాపై అతికించే, లేదా నేరుగా గాజుపైననే ముద్రించే వివరాల చీటీ. సీసాలోని వైన్ ఏ ద్రాక్షతో, ఏ ప్రాంతంలో, ఏ సంవత్సరపు పంటతో, ఎవరిచేత తయారైనదో తెలియజేయడం దీని మొదటి పని. ఆ వైన్ ఏ ధర శ్రేణికి చెందినదో కొనుగోలుదారుకు చూడగానే స్ఫురింపజేయడం రెండవ పని. మొదటి పనిని చాలావరకు చట్టం నిర్దేశిస్తుంది. రెండవ పనిని కాగితం, అక్షరాల తీరు, రంగులు, బొమ్మలు, ఖాళీ స్థలం నిర్వహిస్తాయి. చట్టం కోరిన వివరాలు సీసాలో ఉన్నదానికి సాక్ష్యం కాగా, రూపం అమ్మకందారు చెప్పదలచుకున్న మాట మాత్రమే. వైన్ లేబుళ్ల చరిత్రలోని వివాదాలలో అనేకం ఈ రెండింటినీ ఒకటిగా భ్రమింపజేయడం వలన కలిగినవే.

తెలుగునాట "వైన్ షాపు", "వైన్స్" అనే బోర్డులు అన్ని రకాల మద్యం అమ్మే దుకాణాలకు వాడుకలో ఉన్నాయి. ఈ వ్యాసంలో వైన్ అనే మాటను ద్రాక్షరసాన్ని పులియబెట్టి తయారుచేసే పానీయం అనే అర్థంలోనే వాడడమైనది.

లేబుల్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకు

బియ్యం కొనేవారు గింజను నలిపి చూస్తారు, మామిడిపండు కొనేవారు వాసన చూస్తారు. వైన్ కొనేవారికి ఆ అవకాశం లేదు. సీసా మూత తీస్తే కొన్నట్లే. సీసా కూడా తరచుగా ముదురు ఆకుపచ్చ గాజుతో చేసినది కనుక లోపలి రంగు సైతం సరిగా కనిపించదు. పైగా ఒకే తోటలో, ఒకే ద్రాక్షతో చేసిన వైన్ ఒక ఏడు ఉన్నట్లు మరొక ఏడు ఉండదు. ఒక పెద్ద దుకాణంలో వందల రకాల సీసాలు పక్కపక్కన నిలిచి ఉంటాయి. అన్నీ ఇంచుమించు ఒకే ఆకారంలో, ఒకే 750 మిల్లీలీటర్ల పరిమాణంలో ఉంటాయి, ధరలలో మాత్రం పదుల, వందల రెట్ల తేడా ఉంటుంది. ఆ తేడాకు కారణమేమిటో చెప్పవలసిన భారం అరచేయంత కాగితంపై పడుతుంది.

చరిత్ర

వైన్ పాత్రలపై వివరాలు వ్రాయడం చాలా ప్రాచీనమైన ఆచారం. 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్న ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో వైన్ జాడీలు లభించాయి. క్రీ.పూ. 14వ శతాబ్దికి చెందిన ఆ జాడీలపై రాజు పాలనా సంవత్సరం, తోట యజమాన్యం, వైన్ తయారుచేసిన ప్రధాన పనివాని పేరు వ్రాసి ఉన్నాయి. నేటి లేబుల్‌లోని పంట సంవత్సరం, ప్రాంతం, ఉత్పత్తిదారు అనే మూడు ముఖ్యాంశాలు అప్పటికే ఉన్నాయన్నమాట.

రోమనులు ఆంఫోరాలనే పొడవైన మట్టిపాత్రలపై ఆ సంవత్సరపు కాన్సల్ పేరు వ్రాసి పంట సంవత్సరాన్ని గుర్తించేవారు. కాన్సల్ ఒపీమియస్ కాలమైన క్రీ.పూ. 121 నాటి పంట తరతరాలపాటు పేరుపొందింది. ధరల శ్రేణులు కూడా అప్పటివే. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిదలో కూరుకుపోయిన పాంపే నగరంలో ఒక పానశాల గోడమీద వ్రాత బయటపడింది. ఒక ఆస్ నాణెమిస్తే మామూలు వైన్, రెండిస్తే అంతకంటె మేలైనది, నాలుగిస్తే ఫలేర్నియా వైన్ దొరుకుతుందని దాని భావం. మొదటి రెండింటికి పేరు లేదు, మూడవదానికి మాత్రం ప్రాంతం పేరు ఉంది. ఊరి పేరుకు ధర పలకడమనే సూత్రం నేటికీ లేబుళ్లను శాసిస్తున్నది.

ఐరోపాలో చాలాకాలం వైన్‌ను పీపాలలో అమ్మేవారు. 18వ శతాబ్దిలో ఇంగ్లండులోని సంపన్నుల ఇళ్లలో వైన్ పోసిన గాజుపాత్రల మెడకు వెండి బిళ్లలను గొలుసుతో వ్రేలాడదీసేవారు. ఆ బిళ్లపై వైన్ రకం చెక్కి ఉండేది. 1790లలో బవేరియాకు చెందిన అలోయ్ సెనెఫెల్డర్ రాతి ముద్రణ పద్ధతిని కనుగొన్న తరువాత కాగితపు లేబుళ్లను చవకగా, అందంగా ముద్రించడం సాధ్యమైంది. 19వ శతాబ్దిలో ఇవి క్రమంగా వ్యాపించాయి. ఆ శతాబ్దిలోనే రంగు సైతం గుర్తుగా మారింది. ఫ్రాన్సులోని షాంపేన్ సంస్థ వ్యూవ్ క్లీకో తన పసుపు లేబుల్‌ను 1877లో వ్యాపార చిహ్నంగా నమోదు చేసుకున్నది.

అప్పటికి బోర్డో ప్రాంతపు ఎస్టేట్లు తమ వైన్‌ను పీపాలలో వ్యాపారులకు అమ్మేవి. సీసాల్లో నింపి లేబుల్ అతికించేది వ్యాపారులే. షాతో ముతోన్ రోత్‌షీల్డ్ ఎస్టేట్ నిర్వాహకుడు ఫిలిప్ ద రోత్‌షీల్డ్ 1924 పంటను మొత్తం ఎస్టేట్‌లోనే సీసాల్లో నింపించాడు. అందుకు గుర్తుగా జాన్ కార్లూ అనే పోస్టర్ చిత్రకారునిచేత లేబుల్ గీయించాడు. లేబుల్ బాధ్యత వ్యాపారి చేతినుండి ఉత్పత్తిదారు చేతికి మారడానికి ఇది ఒక ముఖ్యమైన మలుపు. 1935లో అమెరికాలో స్టాంటన్ ఏవరీ వెనుకవైపు జిగురు పూసి ఉండే స్టిక్కర్ లేబుళ్లను ప్రవేశపెట్టిన తరువాత కాలక్రమంలో వింత ఆకారాల లేబుళ్లు కూడా సులభమయ్యాయి.

చట్టం కోరే వివరాలు

రూపకర్త పని ఖాళీ కాగితంతో మొదలుకాదు. ఏ వివరాలు ఎక్కడ, ఎంత పరిమాణపు అక్షరాలతో ఉండాలో ప్రతి దేశం నియమాలు చేసింది.

అమెరికాలో వైన్ లేబుల్‌కు సమాఖ్య ప్రభుత్వ ఆమోదం అవసరం. బ్రాండు పేరు, వైన్ రకం, మద్యసారం శాతం, పరిమాణం, సీసాలో నింపినవారి పేరు, ఊరు, సల్ఫైట్ల ప్రస్తావన, ఆరోగ్య హెచ్చరిక ముఖ్యమైనవి. ఆరోగ్య హెచ్చరిక 1989 నవంబరు నుండి అమలులో ఉంది. లేబుల్‌పై ఒకే ద్రాక్ష పేరు వ్రాయాలంటే కనీసం 75 శాతం ఆ ద్రాక్షే ఉండాలి. నిర్ణీత ద్రాక్ష ప్రాంతం పేరు వ్రాయాలంటే 85 శాతం పంట అక్కడిదై ఉండాలి. అటువంటి ప్రాంతం పేరుతోపాటు సంవత్సరం వ్రాస్తే 95 శాతం ఆ ఏటి పంటే కావాలి.

ఐరోపా సమాఖ్యలో ద్రాక్ష పేరుకు, సంవత్సరానికి 85 శాతం నియమం వర్తిస్తుంది. 2023 డిసెంబరు 8 తరువాత తయారైన వైన్లకు ముడిపదార్థాలు, పోషక విలువల వివరాలు కూడా ఇవ్వాలి. కెలోరీలు, అలెర్జీ కలిగించే పదార్థాలు లేబుల్‌పైనే ఉండాలి. మిగిలినవాటిని క్యూఆర్ కోడ్ ద్వారా తెలుపవచ్చు. ఈ నియమం వలన ఖరీదైన సీసాపైనా, చవక సీసాపైనా ఒకే నల్లని చతురస్రం చేరింది. దానిని ఎక్కడ ఇమడ్చాలన్నది రూపకర్తలకు కొత్త సమస్య అయింది.

సాధారణంగా సీసాకు ముందువైపు ఒకటి, వెనుకవైపు ఒకటి లేబుళ్లుంటాయి. ఆకర్షణను ముందు లేబుల్‌కు, హెచ్చరికలు, చిరునామా, బార్‌కోడ్, రుచి వర్ణనలను వెనుక లేబుల్‌కు పంచడం రివాజు.

ధరల శ్రేణులు, వాటి రూపం

ధర శ్రేణుల సరిహద్దులు దేశాన్నిబట్టి, పన్నులనుబట్టి మారుతుంటాయి. ఒక దేశంలో చవకైనది మరొక దేశంలో దిగుమతి సుంకం వలన ఖరీదైన వరుసలోకి చేరవచ్చు. అయినప్పటికీ శ్రేణుల మధ్య రూపంలో కనిపించే తేడాలు చాలా దేశాలలో ఒకే తీరులో ఉన్నాయి.

* చవక శ్రేణి: వీటిని ఎక్కువగా సూపర్ మార్కెట్ అరలలో కొంటారు. నాలుగైదు అడుగుల దూరం నుండి, కొద్ది క్షణాలలో గుర్తుపట్టగలగాలి. అందుచేత బ్రాండు పేరు పెద్దదిగా, రంగులు స్పష్టంగా, బొమ్మ ఒక్కటిగా ఉంటుంది. ద్రాక్ష పేరు ముందు లేబుల్‌పైనే కనిపిస్తుంది. ప్రాంతం పేరు విశాలంగా ఉంటుంది. ఉదాహరణకు "సౌత్ ఈస్టర్న్ ఆస్ట్రేలియా" అనే పేరు కిందికి పలు రాష్ట్రాల తోటలు వస్తాయి.

* మధ్య శ్రేణి: కానుకగా ఇచ్చేందుకు, అతిథుల ముందు పెట్టేందుకు కొనేవి ఇక్కడ ఎక్కువ. జిల్లా లేదా లోయ పేరు, సంవత్సరం ప్రముఖంగా ఉంటాయి. కాగితం కొద్దిగా గరుకుగా, ఒకటి రెండుచోట్ల లోహపు మెరుపుతో ఉంటుంది. తోట యొక్క రేఖాచిత్రం, కుటుంబ చిహ్నం వంటివి కనిపిస్తాయి.

* ఉన్నత శ్రేణి: అక్షరాలు చిన్నవవుతాయి, ఖాళీ స్థలం పెరుగుతుంది. రంగులు తెలుపు, దంతపు వన్నె, నలుపులకు పరిమితమవుతాయి. గ్రామం లేదా ఒక్క తోట పేరు కనిపిస్తుంది. సంతకం, సీసా సంఖ్య వంటివి చేరతాయి.

* అత్యున్నత శ్రేణి: ఇక్కడ మార్పు లేకపోవడమే గుర్తు. బర్గండీలోని దొమేన్ ద లా రోమనీ కోంతీ లేబుల్‌పై బొమ్మ లేదు. తోట పేరు, ఆ ఏడు నింపిన సీసాల సంఖ్య, ఆ సీసా వరుస సంఖ్య, నిర్వాహకుల సంతకం ఉంటాయి. కొనేవారు దుకాణపు అరలో చూసి ఎంచుకోరు, ముందే తెలిసి వెదుక్కుంటూ వస్తారు. కనుక లేబుల్ కేకవేసి పిలువనక్కరలేదు.

ఈ నాలుగింటిని పోల్చిచూస్తే ఒక సూత్రం తెలుస్తుంది. ధర పెరిగేకొద్దీ లేబుల్‌పై చెప్పే ప్రదేశం ఇరుకవుతుంది. దేశం నుండి ప్రాంతానికి, అక్కడినుండి గ్రామానికి, చివరకు ఒక్క తోటకు చేరుతుంది. బర్గండీలో ఈ క్రమాన్ని చట్టమే ఏర్పరచింది. అత్యున్నతమైన గ్రాన్ క్రూ తోటల లేబుళ్లపై గ్రామం పేరు సైతం ఉండనవసరం లేదు, "షాంబెర్తాన్" అన్న తోట పేరే చాలు. ఆ పేరుకున్న విలువ గమనించిన జెవ్రే గ్రామం 1847లో తన పేరును జెవ్రే-షాంబెర్తాన్‌గా మార్చుకున్నది. నాటినుండి ఆ గ్రామంలోని సామాన్యమైన తోటల వైన్ సీసాపై కూడా ప్రసిద్ధమైన తోట పేరు కనిపిస్తుంది. తెలియనివారికి "జెవ్రే-షాంబెర్తాన్", "షాంబెర్తాన్" ఒకటేననిపిస్తాయి. ధరలో మాత్రం చాలా తేడా ఉంది.

ఒక శ్రేణికి గుర్తుగా నిలిచినదాన్ని కింది శ్రేణి అనుకరించడం కూడా ఈ రంగంలో నిత్యం జరిగేదే. కోట బొమ్మ, బంగారు అంచు ఒకప్పుడు ఖరీదైన బోర్డో సీసాలకు గుర్తులు. చవక వైన్లు వాటిని విరివిగా వాడుకోవడంతో ఆ గుర్తులు పలచబడ్డాయి. ఖరీదైన వైన్లు చేసే కొత్త సంస్థలు అనేకం అందుకే నిరాడంబరమైన తెల్లకాగితాన్ని ఎంచుకుంటాయి. ఆ తరువాత అదీ అనుకరణకు గురవుతుంది.

కాగితం, ముద్రణ, జిగురు

పెండ్లి శుభలేఖలు ఎంపిక చేసుకున్న తెలుగువారికి ఈ పద్ధతులు పరిచితమైనవే. కాగితం మందం, బంగారు రేకు, ఉబ్బెత్తు అక్షరాలు కార్డు ధరను పెంచినట్లే లేబుల్ ధరనూ పెంచుతాయి.

* కాగితం: నునుపైన పూత కాగితంపై రంగులు ప్రకాశవంతంగా వస్తాయి, ఖర్చు తక్కువ. పూతలేని గరుకు కాగితం, ప్రత్తి పీచు కలిసిన కాగితం చేతికి తగలగానే వేరుగా తెలుస్తాయి. తెల్ల వైన్ సీసాను మంచు బకెట్‌లో ఉంచుతారు కనుక తడిసినా చివికిపోని, నల్లబడని కాగితం కావాలి.

* ఫాయిల్ స్టాంపింగ్: వేడిచేసిన అచ్చుతో పలుచని లోహపు రేకును కాగితంపై ఒత్తడం. బంగారు, వెండి, రాగి వన్నెలు సాధారణం.

* ఎంబాసింగ్: కాగితాన్ని అచ్చుల మధ్య ఒత్తి అక్షరాలను లేదా బొమ్మను ఉబ్బెత్తుగా చేయడం.

* డై కటింగ్: లేబుల్‌ను నలుచదరం కాక వేరొక ఆకారంలో కత్తిరించడం.

* స్క్రీన్ ప్రింటింగ్: కాగితం లేకుండా గాజుపైనే రంగు లేదా ఎనామెల్ ముద్రించడం.

లక్షలాది సీసాలు నింపే సంస్థకు లేబుల్‌పై కొద్ది పైసల తేడా కూడా పెద్ద మొత్తమవుతుంది. అందుకే చవక శ్రేణిలో రంగు, బొమ్మ, పేరు వంటి ఖర్చులేని మార్గాలపై శ్రద్ధ ఎక్కువ. కొద్ది వేల సీసాలు మాత్రమే తయారుచేసే ఎస్టేట్ అచ్చుల ఖర్చును అధిక ధరలో రాబట్టుకుంటుంది. డిజిటల్ ముద్రణ వచ్చిన తరువాత చిన్న ఉత్పత్తిదారులు కూడా కొన్ని వందల లేబుళ్లను మాత్రమే ముద్రించుకోగలుగుతున్నారు. సీసా బరువు, అడుగున ఉండే గుంట లోతు, మెడపై తొడుగు కూడా లేబుల్‌తో కలిసి ధరను సూచిస్తాయి. అయితే బరువైన సీసాల తయారీకి, రవాణాకు ఇంధనం ఎక్కువగా ఖర్చవుతుందన్న విమర్శ వలన కొన్ని సంస్థలు తేలికైన సీసాలకు మారాయి.

ప్రసిద్ధ ఉదాహరణలు

ముతోన్ కుటుంబం

ఒకే యాజమాన్యం భిన్న ధరలకు భిన్న లేబుళ్లను రూపొందించడానికి ఇది మంచి ఉదాహరణ. రెండవ ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల విజయానికి గుర్తుగా 1945 పంట లేబుల్‌పై విజయ చిహ్నమైన "వి" అక్షరాన్ని చిత్రించారు. నాటినుండి ఇంచుమించు ప్రతి ఏటి షాతో ముతోన్ రోత్‌షీల్డ్ లేబుల్ పైభాగాన్ని ఒక చిత్రకారునికి కేటాయిస్తున్నారు. సాల్వడార్ డాలీ (1958), మార్క్ షగాల్ (1970), ఆండీ వార్హోల్ (1975) మొదలగువారి చిత్రాలు ఇలా వెలువడినవే. ముంబైలో జన్మించిన శిల్పి అనీష్ కపూర్ చిత్రం 2009 పంట లేబుల్‌పై ఉంది. చిత్రకారులకు ప్రతిఫలంగా డబ్బు కాక వైన్ ఇవ్వడం ఆచారం. 1993 పంటకు బాల్తుస్ గీసిన బాలిక నగ్నచిత్రంపై అమెరికాలో అభ్యంతరాలు వచ్చాయి. ఫలితంగా ఆ దేశంలో అమ్మిన సీసాలపై బొమ్మ ఉండవలసినచోట ఖాళీ కాగితం మిగిలింది.

1855లో బోర్డో వైన్లను వర్గీకరించినపుడు రెండవ శ్రేణిలో ఉంచబడిన ఈ ఎస్టేట్ 1973లో మొదటి శ్రేణికి ఎక్కింది. ఆ ఏటి లేబుల్‌పై పికాసో చిత్రం ఉంది. 1973 బోర్డోలో మేలైన పంటల సంవత్సరంగా పేరు పొందలేదు. అయినా ఆ సీసాను లేబుల్ కోసమే దాచుకునే సేకర్తలున్నారు.

ఇదే యాజమాన్యం 1930 పంటతో "ముతోన్ కాదే" అనే చవక వైన్‌ను ప్రారంభించింది. "కాదే" అంటే ఫ్రెంచి భాషలో చిన్న కుమారుడు అని అర్థం. ఇది ప్రస్తుతం ఎస్టేట్ తోటలనుండి కాక విశాలమైన బోర్డో ప్రాంతపు ద్రాక్షతో తయారవుతుంది. ఎస్టేట్ పేరులో సగాన్ని మాత్రం పంచుకుంటుంది. చిత్రకారుల లేబుళ్లు దీనికి వర్తించవు. చిన్న కుమారునికి ఇంటిపేరు దక్కినా సింహాసనం దక్కలేదన్నమాట.

ఎల్లో టెయిల్

ఆస్ట్రేలియాలోని కాసెల్లా కుటుంబ సంస్థ 2001లో అమెరికా మార్కెట్టులో ప్రవేశపెట్టిన చవక వైన్ ఇది. పసుపు కాళ్ల వాలబీ అనే కంగారూ జాతి జంతువు దీని లేబుల్‌పై గంతువేస్తుంటుంది. పేరును చిన్న అక్షరాలతో, చదరపు బ్రాకెట్లలో వ్రాయడం మరొక ప్రత్యేకత. బార్బరా హార్క్‌నెస్ అనే రూపకర్త ముందే సిద్ధంచేసి ఉంచిన లేబుల్‌ను సంస్థ కొనుక్కున్నది. మొదట షిరాజ్, షార్డనే అనే రెండే రకాలను, ఒకే ఆకారపు సీసాలలో అమ్మారు. కోటలు, వంశచిహ్నాలు, కఠినమైన పదాలు లేని ఈ లేబుల్ వైన్ అలవాటులేనివారి బెరుకును పోగొట్టింది. 2005లో వెలువడిన "బ్లూ ఓషన్ స్ట్రాటజీ" అనే వాణిజ్య గ్రంథం దీనిని ఒక ఉదాహరణగా చర్చించింది. తరువాత జంతువుల బొమ్మలతో అనేక చవక వైన్లు రావడంతో అటువంటివాటికి అమెరికాలో "జంతు లేబుళ్లు" అన్న వాడుక ఏర్పడింది.

టస్కనీ "టేబుల్ వైన్లు"

చట్టం ఇచ్చే హోదాకు, ధరకు పొంతన లేని సందర్భమిది. ఇటలీలో 1963లో ప్రాంతీయ వర్గీకరణ చట్టం వచ్చింది. టస్కనీ ప్రాంతంలో కొందరు ఆ నియమాలకు లోబడక, ఫ్రెంచి జాతి ద్రాక్షలతోను, కొత్త పద్ధతులతోను వైన్లు చేశారు. 1968 పంటతో వెలువడిన సాస్సికాయా, 1971 పంటతో వెలువడిన టిన్యానెల్లో వీటిలో ముఖ్యమైనవి. నియమాల ప్రకారం వీటి లేబుళ్లపై "వీనో ద తావోలా", అనగా భోజనాల బల్ల వైన్ అనే కనిష్ఠ హోదానే వ్రాయవలసి వచ్చింది. అయినా ఇవి ఉన్నత హోదా వైన్లకంటె అధిక ధరకు అమ్ముడుపోయాయి. నీలి వృత్తంలో బంగారు నక్షత్రమున్న సాస్సికాయా లేబుల్‌లో హోదా మాటకంటె ఆ నక్షత్రానికే విలువ ఏర్పడింది. చివరకు చట్టమే మారింది. 1992లో కొత్త మధ్యశ్రేణి హోదాను కల్పించారు. 1994లో సాస్సికాయాకు ప్రత్యేక ప్రాంతీయ గుర్తింపు లభించింది.

పేర్ల వివాదాలు

ప్రాంతం పేరు ధరను పెంచుతుంది కనుక ఆ పేరును ఎవరు వాడుకోవచ్చునన్నది న్యాయస్థానాలకు ఎక్కింది. కాలిఫోర్నియాలోని నాపా లోయ ద్రాక్ష చాలా ఖరీదైనది. బ్రాంకో అనే సంస్థ "నాపా రిడ్జ్", "నాపా క్రీక్" వంటి పాత బ్రాండ్లను కొని, వాటిపై ఇతర ప్రాంతాల చవక ద్రాక్షతో చేసిన వైన్‌ను అమ్మింది. 1986 జూలైకి ముందున్న బ్రాండ్లకు సమాఖ్య నియమాలలో ఉన్న మినహాయింపు దీనికి ఆధారం. కాలిఫోర్నియా శాసనసభ 2000లో ప్రత్యేక చట్టం చేసి, నాపా పేరున్న వైన్‌లో కనీసం 75 శాతం నాపా ద్రాక్ష ఉండాలన్నది. సంస్థ దావా వేసింది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2004లో చట్టాన్ని సమర్థించింది. బ్రాండు పేరు యజమాని ఆస్తియే అయినా, ఊరి పేరు ఆ ఊరి రైతులందరి ఉమ్మడి పరువు అన్నది ఈ వివాదంలోని అసలు విషయం.

కొన్ని మాటల విలువ దేశాన్నిబట్టి మారుతుంది. స్పెయిన్‌లో "రిసెర్వా" అన్న మాటకు చట్టబద్ధమైన అర్థముంది. ఎర్ర వైన్ అయితే మూడేళ్లు, అందులో కనీసం ఒక ఏడు ఓక్ పీపాలో మాగాలి. అమెరికాలో "రిజర్వ్" అన్న మాటకు సమాఖ్య నియమాలలో నిర్వచనం లేదు. ఏ ధర వైన్‌పైనైనా దానిని వ్రాసుకోవచ్చు. "పాత తీగలు", "ప్రత్యేక ఎంపిక" వంటి మాటలు కూడా చాలాచోట్ల ఇటువంటివే.

లేబుల్, ధర, రుచి

లేబుల్ దాచిపెడితే నిర్ణయం మారుతుందని చూపిన సంఘటనలలో 1976 మే 24న పారిస్‌లో జరిగిన పోటీ ప్రసిద్ధమైనది. స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వ్యాపారి ఏర్పాటుచేసిన ఈ పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు లేబుళ్లు చూడకుండా రుచి చూశారు. ఎర్ర, తెల్ల వైన్లు రెండింటిలోను కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానాలు దక్కాయి.

2001లో బోర్డోకు చెందిన పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగంలో 54 మంది విద్యార్థులకు వాసనలేని ఎర్రరంగు కలిపిన తెల్ల వైన్ ఇచ్చారు. వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. 2008లో ప్రచురితమైన, అమెరికాలో జరిగిన మరొక ప్రయోగంలో 20 మందికి ఒకే వైన్‌ను ఒకసారి 5 డాలర్లదని, మరొకసారి 45 డాలర్లదని చెప్పి ఇచ్చారు. మరొక వైన్‌ను 10, 90 డాలర్లదని చెప్పారు. ఎక్కువ ధర చెప్పినపుడు వారు ఎక్కువ రుచిగా ఉందన్నారు. మెదడులో ఆనందానుభూతికి సంబంధించిన ఒక భాగం కూడా అప్పుడు ఎక్కువగా స్పందించింది. అనగా వారు అబద్ధమాడలేదు, ధర నిజంగానే వారి అనుభవాన్ని మార్చింది. ధర చెప్పకుండా ఇచ్చినపుడు ఆ తేడా కనిపించలేదు.

అదే సంవత్సరం వెలువడిన మరొక అధ్యయనం ఆరువేలకు పైగా రుచి పరీక్షలను పరిశీలించింది. ధర తెలియనపుడు సామాన్యులు ఖరీదైన వైన్‌ను ఎక్కువగా ఇష్టపడలేదని, సగటున కొంచెం తక్కువగానే ఇష్టపడ్డారని తేలింది. వైన్ విషయంలో శిక్షణ పొందినవారిలో ఈ ధోరణి కనిపించలేదు.

నకిలీ లేబుళ్లు

అరుదైన పాత వైన్ల విషయంలో లేబులే ఆస్తి. కాబట్టి నకిలీలు వైన్‌కంటె ముందు లేబుల్‌కే తయారవుతాయి. 2008లో న్యూయార్కులో జరగవలసిన ఒక వేలంలో బర్గండీలోని పొన్సో ఎస్టేట్ పేరుతో 1945 నుండి 1971 వరకు సంవత్సరాలున్న "క్లో సేన్ దెనీ" సీసాలు వచ్చాయి. ఆ ఎస్టేట్ ఆ తోట వైన్‌ను 1980లలో గాని తయారుచేయడం మొదలుపెట్టలేదు. ఎస్టేట్ యజమాని లోరాన్ పొన్సో స్వయంగా వచ్చి అభ్యంతరం తెలుపగా వాటిని వేలం నుండి తొలగించారు. ఆ సీసాలను అమ్మకానికి పెట్టిన రూడీ కుర్నియవాన్ 2012లో అరెస్టయ్యాడు. కాలిఫోర్నియాలోని అతని ఇంట్లో ముద్రించిన లేబుళ్లు, రబ్బరు ముద్రలు, బిరడాలు లభించాయి. 2013లో నేరం రుజువై, 2014లో పదేళ్ల జైలుశిక్ష పడింది. రుచికి మోసపోయిన నిపుణులున్నారు గాని, లేబుల్‌పై వ్రాసిన సంవత్సరమే చివరకు అతనిని పట్టించింది.

భారతదేశంలో

ఆధునిక భారతీయ వైన్ పరిశ్రమ మహారాష్ట్రలోని నాసిక్, కర్ణాటకలోని నందికొండల పరిసరాలలో కేంద్రీకృతమై ఉంది. గ్రోవర్ సంస్థ 1988లోను, సూలా సంస్థ 1999లోను స్థాపించబడ్డాయి. సూలా లేబుళ్లపై కనిపించే మీసాల సూర్యుడు భారతీయ వైన్లలో బాగా గుర్తింపు పొందిన చిహ్నం. ఈ సంస్థ తన వైన్లను ధరననుసరించి ఎలీట్, ప్రీమియం, ఎకానమీ, పాపులర్ అని నాలుగు వర్గాలుగా విభజించుకున్నది. గ్రోవర్ సంస్థ "ఆర్ట్ కలెక్షన్" పేరిట భారతీయ చిత్రకారుల చిత్రాలను లేబుళ్లపై ముద్రించింది. ముతోన్ సంప్రదాయంలో అత్యున్నత శ్రేణికి పరిమితమైన పద్ధతిని సామాన్య కొనుగోలుదారునికి దగ్గర చేసిన ప్రయత్నంగా దీనిని చెప్పవచ్చు.

భారతదేశంలో లేబుల్ రూపకర్తకు కొన్ని ప్రత్యేకమైన పరిమితులున్నాయి. మద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. కనుక ఒకే వైన్‌ను పలు రాష్ట్రాలలో అమ్మాలంటే ఆయా రాష్ట్రాల ఎక్సైజు శాఖల వద్ద లేబుల్‌ను వేరువేరుగా నమోదు చేయించి రుసుము చెల్లించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనూ ఇదే పద్ధతి. 2018లో రూపొందిన మద్య పానీయాల ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం, 2019 ఏప్రిల్ నుండి మద్యపానం ఆరోగ్యానికి హానికరమని, తాగి వాహనం నడపరాదని హెచ్చరిక ఉండాలి. అన్నిటికంటె ముఖ్యమైనది గరిష్ఠ చిల్లర ధర. ఇతర దేశాలలో కాగితపు మందంతోను, బంగారు రేకుతోను చెప్పకయే చెప్పే ధరను ఇక్కడ సీసాపైనే అంకెలలో ముద్రిస్తారు. ఖరీదైన రూపంలో ఉన్న చవక వైన్‌ను సీసా తిప్పి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

లేబుల్‌ను చదివే విధానం

రూపాన్ని, సాక్ష్యాన్ని వేరుచేసి చూడడానికి ఈ అంశాలు ఉపకరిస్తాయి.

* ప్రదేశం ఎంత ఇరుకుగా చెప్పబడినదో చూడాలి. దేశం పేరుకంటె జిల్లా పేరు, దానికంటె తోట పేరు ఎక్కువ కట్టుబాటును సూచిస్తాయి.
* బ్రాండులో భాగమైన ఊరి పేరు వేరు, ద్రాక్ష పండిన ప్రాంతంగా ప్రకటించిన పేరు వేరు.
* అమెరికా లేబుళ్లలో "తయారుచేసి సీసాలో నింపినవారు" అని ఉంటే కనీసం 75 శాతం వైన్ వారే పులియబెట్టారని అర్థం. "నిల్వచేసి నింపినవారు" అని మాత్రమే ఉంటే వైన్ వేరొకచోట తయారై ఉండవచ్చు.
* "రిజర్వ్" వంటి మాటకు ఆ దేశపు చట్టంలో అర్థమున్నదో లేదో తెలుసుకోవాలి.
* బొమ్మ, బంగారు రేకు, సీసా బరువు ధరను గూర్చి చెబుతాయి. వైన్‌ను గూర్చి చెప్పేవి వెనుక లేబుల్‌లోని చిన్న అక్షరాలే.

ఇవి కూడా చూడండి

* ద్రాక్ష
* మద్యపానం
* భౌగోళిక గుర్తింపు
* నాసిక్
* ముద్రణ